తుపాకుల చిట్టా

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మన్యంలోని ఈ మూడు పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడుల సంగతి తెలియని తెలుగువారు అరుదు. మూడు రోజులలో వారి చేతికి చిక్కినవి 26 తుపాకులు, 2500కు పైబడిన తూటాలు. చిన్ననాటినుంచీ ఆ కథలో నన్ను ఆకట్టుకున్నది దాడి కాదు, దాడి ముగిసిన తర్వాత జరిగిన పని. ఏయే ఆయుధాలు తీసుకుపోతున్నదీ వివరంగా రాసి, కింద సంతకం చేసి, ఆ కాగితాన్ని ఠాణాలోనే వదిలి వెళ్ళేవాడు రాజు. దొంగ అయినవాడు రశీదు ఇచ్చి పోడు. తాను చేస్తున్నది యుద్ధమే తప్ప దోపిడీ కాదని చెప్పడానికి ఆ కాగితాన్ని మించిన ప్రకటన మరొకటి అక్కరలేదు.

ఈమధ్య చిన్న ఆయుధాల నియంత్రణ మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనల చరిత్రను కొంత చదివాను. చదువుతున్నంతసేపూ ఆ కాగితమే గుర్తుకు వచ్చింది. ఎందుచేతనంటే, ఆ చరిత్ర అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. తుపాకుల లెక్క ఎవరు రాయాలి, ఎవరికోసం రాయాలి? ఈ ప్రశ్నకు గత నూట యాభై ఏళ్ళలో వచ్చిన సమాధానాలను వరుసగా చెప్పుకుందామని ఈ టపా.

ముందుగా మాటల అర్థం. అణ్వాయుధాలు, యుద్ధవిమానాలు, ట్యాంకులు కాక, ఒక మనిషి మోసుకుపోగలిగినవి చిన్న ఆయుధాలు. పిస్తోలు, రైఫిలు, సబ్‌మెషీన్‌గన్ను వంటివి ఇందులోకి వస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి మోయగలిగినవి, లేదా ఒక చిన్న బండి మీద తీసుకుపోగలిగినవి తేలిక ఆయుధాలు. బరువైన మెషీన్‌గన్నులు, 100 మిల్లీమీటర్ల లోపు మోర్టార్లు ఈ కోవకు చెందుతాయి. ఈ విభజనను ఐక్యరాజ్య సమితి నిపుణుల సంఘం ఒకటి 1997లో స్థిరపరచింది. జపాను దౌత్యవేత్త మిత్సురో దొనొవాకి దానికి అధ్యక్షుడు. అంటే, లోకంలో ఇంతమందిని చంపుతున్న వస్తువుకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న నిర్వచనం ఏర్పడటానికి ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చిందన్నమాట.

అయితే నిర్వచనం కొత్తదే గాని నియంత్రణ కొత్తది కాదు. దాని మొదటి అధ్యాయం మనకు బాగా తెలిసినదే. 1857 తిరుగుబాటు తర్వాత ప్రజలనుంచి ఆయుధాలు గుంజుకోవడంతో ఆరంభమైన ఆ పని, లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలంలో 1878 నాటి ఆయుధాల చట్టంతో పూర్తి రూపం ధరించింది. ఆ చట్టం కింద భారతీయుడు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. ఐరోపావారికి ఆ బాధ లేదు. దేశభాషల పత్రికల నోరు నొక్కిన చట్టం వచ్చినది కూడా ఆ ఏడాదే. పత్రికల చట్టాన్ని నాలుగేళ్ళకే రిప్పన్ రద్దు చేశాడు. ఆయుధాల చట్టం మాత్రం పరాయి పాలనను కూడా దాటి బతికి, 1959లో మరొక చట్టం వచ్చేదాకా నిలిచింది.

ఈ చట్టం జాతీయోద్యమం మనసులో ఎంత లోతైన గాయం చేసిందో ఇవాళ మనం మరచిపోయాం. 1930 జనవరిలో గాంధీజీ ఇర్విన్ ముందుంచిన పదకొండు కోర్కెలలో ఉప్పు పన్ను రద్దు ఒకటి. ఆత్మరక్షణకోసం తుపాకీ లైసెన్సులు ఇవ్వాలనీ, వాటి మీద ప్రజల అదుపు ఉండాలనీ అడగటం మరొకటి. అహింసావ్రతుడైన గాంధీ తుపాకీ లైసెన్సులు అడగటమా అని మొదటిసారి చదివినప్పుడు నేను విస్తుపోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. తుపాకీ ఉండి దాన్ని వాడనివాడిది అహింస, తుపాకీ పట్టే అర్హత లేదని చట్టం తీర్పు చెప్పినవాడిది అవమానం. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధాలు ధరించే హక్కు కూడా చోటు చేసుకుంది. స్వతంత్ర భారత రాజ్యాంగంలోకి మాత్రం అది రాలేదు. శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కునే మన రాజ్యాంగం ఇచ్చింది. దాడులు, విభజన రక్తపాతం కళ్ళారా చూసిన తరం తీసుకున్న నిర్ణయమది.

భారతదేశంలో ఒక చట్టం చేసిన పనిని ఆఫ్రికాలో ఒక ఒడంబడిక చేసింది. 1890 జులై 2న బ్రస్సెల్స్‌లో సంతకాలైన ఆ ఒడంబడిక పైకి బానిస వ్యాపారాన్ని అరికట్టడానికి. అందులో ఆయుధాల భాగం ఒకటి ఉంది. ఉత్తర అక్షాంశం 20 డిగ్రీలనుంచి దక్షిణ అక్షాంశం 22 డిగ్రీల వరకు గల ఆఫ్రికాలోకి ఆధునిక రైఫిళ్ళ దిగుమతిని అది నిషేధించింది. పాతకాలపు చెకుముకి తుపాకులకు మాత్రం సడలింపు ఉంది. బానిసలను పట్టేవారి చేతుల్లో రైఫిళ్ళు ఉన్నమాట నిజమే. ఆ రైఫిళ్ళు లేకపోతే ఐరోపా సైన్యాలను ఎదిరించేవారు ఎవరూ ఉండరన్నది కూడా అంతే నిజం. ధర్మమూ స్వార్థమూ ఒకే వాక్యంలో ఇమిడిపోయిన ఒడంబడిక అది. దాని పరీక్ష ఆరేళ్ళకే జరిగింది. ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ ఆలోగా రైఫిళ్ళు సమకూర్చుకున్నాడు. 1896 మార్చి 1న అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. ఆయుధ నియంత్రణ అక్కడ పూర్తిగా ఫలించి ఉంటే ఇథియోపియా కూడా అప్పుడే ఒక వలస అయివుండేది.

కనుక చిన్న ఆయుధాల నియంత్రణ అన్నమాట వినగానే ఆసియా, ఆఫ్రికా దేశాలకు కలిగే అనుమానం ఊరక పుట్టినది కాదు. తర్వాతి కథ అంతా ఈ అనుమానం నీడలోనే నడిచింది.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత నానాజాతి సమితి ఈ పనికి పూనుకుంది. 1919లో ఒక ఒప్పందం, 1925లో మరొకటి రాసుకున్నారు. రెండవది అసలు అమలులోకే రాలేదు. అయితే ఆ సమితి చేసిన పని ఒకటి మిగిలింది. దేశదేశాల మధ్య జరిగే ఆయుధ వ్యాపారపు అంకెలను ఏటేటా ఒక గ్రంథంగా అచ్చువేయడం మొదలుపెట్టింది. ప్రభుత్వాలు ఇచ్చిన అరకొర లెక్కలే అయినా, ఎవరైనా తెరిచి చూడదగిన తుపాకుల చిట్టా అది. రెండవ యుద్ధంతో సమితీ పోయింది, చిట్టా కూడా మూతపడింది.

ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు పండితుల చూపు ఆకాశం మీదే ఉంది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ఆయుధ నియంత్రణ శాస్త్రమంటే క్షిపణుల లెక్క, అణుబాంబుల లెక్క. 1966లో స్టాక్‌హోమ్‌లో స్థాపించిన శాంతి పరిశోధనా సంస్థ ప్రపంచ ఆయుధ వ్యాపారాన్ని శ్రద్ధగా నమోదు చేసింది. ఆ నమోదు కూడా విమానాలు, నౌకలు, ట్యాంకుల వంటి పెద్ద ఆయుధాలదే. చివరికి 1991లో ఐక్యరాజ్య సమితి ఆయుధాల రిజిస్టరును ఏర్పాటు చేసినప్పుడు అందులో ఏడు వర్గాలు పెట్టారు. ట్యాంకులు, కవచ వాహనాలు, భారీ ఫిరంగులు, యుద్ధ విమానాలు, దాడి హెలికాప్టర్లు, యుద్ధనౌకలు, క్షిపణులు. ఎనిమిదో వర్గంగా తుపాకీ లేదు.

ఎందుకు లేదు? పరిశోధకులు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. ట్యాంకు ఉపగ్రహానికి కనిపిస్తుంది, తుపాకీ గడ్డివాములో దాగుతుంది. ట్యాంకుకు కొంతకాలానికి విడిభాగాలు దొరకవు. 1949లో సోవియట్ సైన్యంలో ప్రవేశించిన కలష్నికోవ్ నమూనా తుపాకీ మాత్రం, నూనె పెట్టి తుడిస్తే, తాతనుంచి మనవడికి వస్తుంది. ఇవన్నీ నిజమే. వీటికి తోడు మరొకటి ఉంది. ఆ లెక్క బయటపడకూడదని పెద్ద దేశాలే కోరుకున్నాయి.

దీనికి అఫ్గానిస్తానును మించిన ఉదాహరణ లేదు. 1979 తర్వాత అమెరికా అక్కడి ముజాహిదీన్లకు ఆయుధాలు పంపవలసి వచ్చినప్పుడు తన సొంత తుపాకులు పంపలేదు. తన పేరు బయటకు రాకూడదని సోవియట్ నమూనా ఆయుధాలను ఈజిప్టు, చైనాల వంటి దేశాలనుంచి కొని, కరాచీ రేవుకు చేర్చి, పాకిస్తాను గూఢచారి సంస్థ చేతికి అప్పగించింది. ఎవరివో తెలియకూడదనే ఎంచిన ఆయుధాలు దారిలో ఎన్ని జారిపోయాయో ఎవరు చెప్పగలరు? ఆ సరుకు నిలవచేసిన రావల్పిండి దగ్గరి ఓఝ్రీ శిబిరం 1988 ఏప్రిల్ 10న పేలిపోయింది. రాకెట్లు జంట నగరాల మీద పడి ఎందరో చనిపోయారు. నిలవ ఎంత ఉండేదో, పోయిందెంతో చెప్పే కాగితాలు కూడా ఆ మంటలోనే కలిసిపోయాయన్న అనుమానం అక్కడి ప్రజలలో చాలాకాలం నిలిచింది.

బ్రిటిషు పరిశోధకుడు క్రిస్టొఫర్ స్మిత్ 1993లో ఈ దారినే వెతుక్కుంటూ వెళ్ళాడు. అఫ్గాను యుద్ధంకోసం వచ్చిన ఆయుధాలు పాకిస్తానులోకి, అక్కడినుంచి ఉత్తర భారతంలోకి ఎట్లా వ్యాపించాయో వివరిస్తూ ఒక అధ్యయనం వెలువరించాడు. చిన్న ఆయుధాల పరిశోధన అనే శాఖకు పునాది రాళ్ళలో అది ఒకటి. అమెరికాలో మైకేల్ క్లేర్, జెఫ్రీ బౌట్‌వెల్, ఆరన్ కార్ప్, ఎడ్వర్డ్ లారెన్స్ మొదలైనవారు అదే కాలంలో ఈ వైపు తిరిగారు. మనవారు వెనకబడలేదు. ఢిల్లీలోని రక్షణ అధ్యయనాల సంస్థకు నాయకత్వం వహించిన జస్జీత్ సింగ్ సంపాదకత్వంలో తేలిక ఆయుధాల మీద ఒక వ్యాససంపుటి 1995లో వచ్చింది. ఐక్యరాజ్య సమితి నిరాయుధీకరణ పరిశోధనా సంస్థకు స్వదేశ్ రాణా అదే ఏడాది అంతర్యుద్ధాలు, చిన్న ఆయుధాలు అన్న అంశం మీద రాసింది. తారా కర్తా పుస్తకం 1999లో వెలువడింది. పంజాబు, కాశ్మీరు కళ్ళెదుట ఉండగా మన పండితులకు ఇది పుస్తకాల సమస్య కాలేదు.

1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాలులోని పురూలియా పల్లెల మీద ఒక విమానం కలష్నికోవ్ తుపాకులు, తూటాలు జారవిడిచింది. తెల్లవారి పొలాలకు పోయినవారికి పెట్టెలు కనిపించాయి. ఆ సరుకు బల్గేరియానుంచి బయలుదేరింది. దానికి తోడుగా ఉన్న కాగితంలో కొన్నవారుగా బంగ్లాదేశ్ పేరుంది. ఆ కాగితం దొంగది. చట్టప్రకారం బయలుదేరిన తుపాకీ ఒక అబద్ధపు సంతకంతో చట్టం బయటికి ఎట్లా పోతుందో పరిశోధకులు తర్వాత ఎన్నో దేశాలలో చూపారు. ఆ పాఠాన్ని మనకు పురూలియా ముందే చెప్పింది.

ఇంతవరకు చెప్పినది సమస్య. దీనికి ఒక దారి చూపినది ఐరోపా కాదు, అమెరికా కాదు. ఆఫ్రికాలోని పేద దేశం మాలి.

మాలి ఉత్తరాన తువారెగ్‌లు 1990లో తిరగబడ్డారు. 1992లో ఎన్నికైన అధ్యక్షుడు అల్ఫా ఉమర్ కొనారె వృత్తిరీత్యా చరిత్ర, పురావస్తు పరిశోధకుడు. ఊళ్ళలో తుపాకులు పెరిగిపోతున్నాయి, సాయం చేయండని 1993లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘాలీకి ఆయన విన్నవించుకున్నాడు. మరుసటి ఏడాది వెళ్ళిన సలహా బృందం ఒక కొత్తమాట చెప్పింది. భద్రత లేనిచోట తుపాకీ అప్పగించమంటే ఎవరూ అప్పగించరు, కనుక ముందు భద్రత, తర్వాతే అభివృద్ధీ నిరాయుధీకరణా అన్నది. మాలి అనుభవం చూసిన ఘాలీ 1995 జనవరిలో తన నివేదికలో సూక్ష్మ నిరాయుధీకరణ అనే పదబంధాన్ని వాడాడు. పండితులకు ఆ పదం ఒక జెండా అయింది.

మాలిలో తర్వాత జరిగిన క్రమం గమనించదగినది. మొదట ఊరూరా వివిధ జాతులవారి పెద్దలు కూర్చుని బావుల గురించి, పచ్చికబయళ్ళ గురించి, పశువుల గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత పోరాటవీరులు శిబిరాలకు వచ్చారు. కొందరిని సైన్యంలోకి, కొందరిని ఇతర ఉద్యోగాలలోకి తీసుకున్నారు. అన్నిటికన్నా చివర, 1996 మార్చి 27న తింబక్తులో సుమారు 3000 తుపాకులను కుప్పపోసి తగలబెట్టారు. దానికి శాంతిజ్వాల అని పేరు. గుంజుకున్న తుపాకులు కావు అవి, తెచ్చి ఇచ్చినవి. 1878కీ 1996కీ ఉన్న భేదమంతా ఆ ఒక్క సంగతిలో ఉంది. రెండేళ్ళ తర్వాత 1998 అక్టోబరు 31న పశ్చిమాఫ్రికా దేశాలు చిన్న ఆయుధాల దిగుమతి, తయారీల మీద తమంతట తామే తాత్కాలిక నిషేధం విధించుకున్నాయి. బ్రస్సెల్స్‌లో వందేళ్ళ క్రితం పరాయివారు గీసిన గీతను ఈసారి ఆఫ్రికావారే గీసుకున్నారు.

ఇక చిట్టా సంగతి. 1999లో జెనీవాలో కీత్ క్రౌజ్ మొదలైనవారు స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధనా సంస్థను నెలకొల్పారు. నానాజాతి సమితి మూసిన పుస్తకాన్ని అదే ఊళ్ళో మళ్ళీ తెరిచారని నాకు అనిపిస్తుంది. 2001లో వారి మొదటి అంచనా ప్రకారం ప్రపంచంలో 55 కోట్ల చిన్న ఆయుధాలున్నాయి. మరుసటి ఏడాది 63 కోట్ల 90 లక్షలన్నారు. 2007లో 87 కోట్ల 50 లక్షలు. 2018లో వంద కోట్లు దాటాయి. ఒక్క ఏడాదిలో తొమ్మిది కోట్ల తుపాకులు పుట్టలేదు. పెరిగినదానిలో కొంత తయారీ, చాలాభాగం మన ఎరుక. రిజిస్టర్లు, ఇంటింటి సర్వేలు, నిపుణుల అంచనాలు, ఏ ఆధారమూ లేనిచోట పోలికగల దేశాల లెక్కలు కలిపి కట్టిన అంకెలివి. తమ అంకెలు అంచనాలేనని ఆ పరిశోధకులే ప్రతిసారీ చెప్పుకున్నారు.

2018 లెక్కలో నాకు ఆశ్చర్యం కలిగించినవి రెండు. మొదటిది, ఆ వంద కోట్లలో సైన్యాలవి 13 కోట్ల 30 లక్షలు మాత్రమే, పోలీసులవి దాదాపు 2 కోట్ల 30 లక్షలు. మిగిలిన 85 కోట్ల 70 లక్షలు సామాన్య పౌరుల చేతుల్లో ఉన్నాయి. రెండవది మన దేశపు అంకె. భారతదేశంలో పౌరుల దగ్గర ఉన్నవి 7 కోట్ల 11 లక్షలని అంచనా, అందులో రిజిస్టరైనవి 97 లక్షలు. లైసెన్సు లేనిదే తుపాకీ కూడదన్న చట్టం నూట నలభై ఏళ్ళు నడిచిన దేశంలో ఏడింట ఆరు తుపాకులు చిట్టాకు ఎక్కలేదన్నమాట. అంచనాలో పొరపాటు ఎంత ఉన్నా, ఇది తలవంచుకు చదవవలసిన లెక్కే.

2001 జులైలో న్యూయార్కులో ఐక్యరాజ్య సమితి మహాసభ జరిగి, ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. రెండు విషయాలు మాత్రం అందులో చేరలేదు. పౌరుల దగ్గరి తుపాకుల మీద అదుపు ఒకటి, ప్రభుత్వాలు కానివారికి ఆయుధాలు అమ్మకూడదన్న నిషేధం రెండవది. రెంటినీ అమెరికా అడ్డుకుంది. ఆఫ్రికా దేశాలు బాధతోనే సరేనన్నాయి. 2005 డిసెంబరులో ఆమోదించిన మరొక పత్రం, తయారైన ప్రతి తుపాకీ మీదా గుర్తు ఉండాలనీ, తయారీ రికార్డులు కనీసం 30 ఏళ్ళు, తక్కిన రికార్డులు కనీసం 20 ఏళ్ళు దాచాలనీ చెప్పింది. మంచిదే. కాని తుపాకీ ఆయుష్షు అంతకన్నా పెద్దది. చిట్టా చిరిగిపోయాక కూడా తుపాకీ పేలుతూనే ఉంటుంది.

2013 ఏప్రిల్ 2న ఆయుధ వ్యాపార ఒడంబడికను సర్వసభ్య సభ ఆమోదించినప్పుడు భారతదేశం తటస్థంగా ఉండిపోయింది. ఉగ్రవాదులకు, ప్రభుత్వేతరులకు ఆయుధాలు చేరకుండా ఆపే భాగం బలహీనంగా ఉందన్నది ఒక అభ్యంతరం. అమ్మే దేశాల చేతికి కొనే దేశాల మీద పెత్తనం చిక్కుతుందన్నది మరొకటి. ఈ వైఖరిని విమర్శించవచ్చు. దాని వెనక 1878, 1890 నాటి జ్ఞాపకాలున్నాయని గమనించకుండా విమర్శించడం మాత్రం న్యాయం కాదు.

చివరగా మన ఇంటి సంగతి. 2004 అక్టోబరు 15నుంచి 18 వరకు హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చలు జరిగాయి. ఎస్. ఆర్. శంకరన్ వంటి పెద్దలు ఏళ్ళ తరబడి పడిన శ్రమ వాటి వెనక ఉంది. భూమి గురించి, హక్కుల గురించి మాటలు సాగాయి గాని, దళాలు ఊళ్ళలో ఆయుధాలతో తిరగవచ్చునా అన్న ప్రశ్న దగ్గర ముడిపడిపోయింది. 2005 జనవరిలో మావోయిస్టులు చర్చలనుంచి తప్పుకున్నారు. మళ్ళీ రెండువైపులా శవాలు లేచాయి. మాలిలో ఆయుధం ప్రసక్తి అన్నిటికన్నా చివర వచ్చింది. ఇక్కడ మొదటి విడతలోనే గుమ్మానికి అడ్డం పడింది. రెండు చోట్ల పరిస్థితులు వేరన్నది నిజమే. అయినా, ఆ వరుస కొంత మారి ఉంటే ఏమయ్యేదోనన్న బాధ నన్ను వదలదు.

మాలి కథ కూడా సుఖాంతం కాలేదని చెప్పకపోతే అబద్ధం చెప్పినవాడినవుతాను. 2011లో లిబియాలో గడాఫీ ప్రభుత్వం కూలింది. అక్కడి ఆయుధాగారాలనుంచి తుపాకులు ఎడారి దాటి వచ్చాయి. 2012 జనవరిలో మాలి ఉత్తరాన మళ్ళీ తిరుగుబాటు, ఏప్రిల్‌లో తింబక్తు పతనం. శాంతిజ్వాల వెలిగిన ఊరే మళ్ళీ తుపాకీ నీడలోకి వెళ్ళింది. 3000 తుపాకులు కాల్చడం వృథా అయిందా? కాలేదనే నా నమ్మకం. పదహారేళ్ళ కాలంలో ఆ తుపాకులు చంపగలిగి ఉండీ చంపనివారు కొందరైనా ఉంటారు. వారి లెక్క ఏ చిట్టాలోనూ ఉండదు. అయితే ఒక దేశం తన ఇంట్లో రాసుకున్న లెక్కకు పొరుగింటి లెక్క తోడు కావాలని మాత్రం మాలి మనకు నేర్పింది.

మళ్ళీ రాజవొమ్మంగి కాగితం దగ్గరికి వస్తాను. ఆ రోజుల్లో తుపాకుల లెక్క రాసే అధికారం ఒక్క దొరలదే. పాలితుడు చిట్టాలో పేరుగా ఉండవచ్చు, చిట్టా రాసేవాడుగా ఉండకూడదు. సీతారామరాజు ఆ కలాన్ని చేతిలోకి తీసుకుని, శత్రువు చదువుకునేటట్టు, నిజమైన అంకెలతో, సొంత సంతకంతో రాశాడు. వంద కోట్ల తుపాకుల లోకంలో ప్రభుత్వాలు, కర్మాగారాలు, దళాలు అంతపాటి నిజాయితీతో ఒక్క కాగితం రాసి పెట్టినా జెనీవాలోని పరిశోధకులకు అంచనాలు కట్టే పని సగం తప్పుతుంది.

ఈ విషయంలో నాకన్నా ఎక్కువ చదివినవారు మన మిత్రులలో ఉన్నారు. నా రాతలో పొరపాట్లుంటే చెప్పి సరిదిద్దవలసిందిగా మనవి.